యాంటెన్నా పీకేసినా మీటర్ 1.6 చూపించింది

పోయిన దసరా సెలవుల్లో మొదలైన తలనొప్పి ఇది, సంక్రాంతికి గానీ వదల్లేదు. నాది చీరాల, కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, హ్యామ్‌ని కూడా, అంటే సరదా కోసం సొంత రేడియోతో వేరే ఊళ్ల వాళ్లతో మాట్లాడేవాణ్ని, లైసెన్సు వీయూ3, అంటే రిస్ట్రిక్టెడ్ గ్రేడ్. రేడియో మైక్రోబిటెక్స్, హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు డిజైన్ చేసిన బోర్డు, 40 మీటర్ల బ్యాండులో, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, పది వాట్లు ఇస్తుంది. డాబా మీద జీఐ పైపుకు కట్టిన డైపోల్, అంటే మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా లాగిన తీగ యాంటెన్నా, కింద గదిలోకి 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్. వేసవిలో పొద్దున్నే కూర్చుంటే బెంగళూరు, హైదరాబాద్ వాళ్లు 5-7 రిపోర్టు, అంటే మాట స్పష్టతకు 5కి 5, సిగ్నల్ బలానికి 9కి 7, ఇచ్చేవారు, పది వాట్లకు అంతకంటే ఏం కావాలి.

దసరాకు ముందు వారం రోజులు ముసురు పట్టింది. అది వదిలాక రేడియో పెట్టి కాల్ వేస్తే, "ఎవరో పిలుస్తున్నారు, మళ్లీ చెప్పండి, మళ్లీ చెప్పండి" అని తప్ప ఇంకో మాట లేదు. నాకు మాత్రం అందరూ బాగానే వినిపిస్తున్నారు. ఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఆ మీటర్ చూస్తే వేసవిలో 1.8 ఉండేది ఇప్పుడు 1.2! వానకు యాంటెన్నా సర్దుకుందేమో అని సంతోషపడ్డాను కూడా. అక్కడే అనుమానం రావాల్సింది, రాలేదు. యాంటెన్నా బాగుంది కాబట్టి రేడియోలోనే పవర్ పడిపోయిందని తీర్మానించుకుని, ఆ పవర్ కొలవడానికి సామాను కొనడం మొదలుపెట్టాను.

పవర్ కొలవాలంటే ముందు డమ్మీ లోడ్ కావాలి, అంటే యాంటెన్నా బదులు పెట్టే 50 ఓమ్‌ల రెసిస్టరు. ఊళ్లో టీవీ రిపేరు షాపులో 100 ఓమ్ 10 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్లు రెండు దొరికితే వాటిని సమాంతరంగా కలిపాను, మల్టీమీటర్ చక్కగా 50 చూపించింది. రేడియో తగిలిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ 2 దాటింది, బ్యాండు పైకి మార్చేకొద్దీ ఇంకా పెరిగింది. ఒంగోలులో ఒక పెద్దాయన ఉన్నారు, నలభై ఏళ్లుగా ఈ హాబీలో ఉన్నవారు, ఆయనకు ఫోన్ చేస్తే నవ్వారు. "లోపల తీగ చుట్టి ఉంటుందయ్యా అందులో, డీసీకి అది రెసిస్టరు, రేడియో ఫ్రీక్వెన్సీకి కాయిలు. ఫిజిక్స్ మాస్టారివి నీకు నేను చెప్పాలా?" అన్నారు. క్లాసులో ఇండక్టివ్ రియాక్టెన్స్ అని బోర్డు మీద ఏటా రాసేది నేనే, సిగ్గేసింది. తర్వాత 1 కిలో ఓమ్ 2 వాట్ల ఫిల్మ్ రెసిస్టర్లు ఇరవై తెచ్చి రెండు రాగి రేకుల మధ్య టంకం పెట్టాను. ఇరవై కలిస్తే 50 ఓమ్‌లు, 40 వాట్ల దాకా తట్టుకుంటుంది. ఖర్చు రెండొందలు కూడా కాలేదు. ఈ మొత్తం కథలో నేను చేసిన ఒకే ఒక్క మంచి కొనుగోలు ఇదే, మీకు హ్యామ్ రేడియో కొత్త అయితే మీటర్ల జోలికి పోకముందే ఇది చేసి పెట్టుకోండి.

రెండోది సీఆర్వో, వోల్టేజీ తరంగాన్ని తెర మీద గీసి చూపించే పరికరం. ఒక పెళ్లికి హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్ 20 మెగాహెర్ట్జ్ సీఆర్వో తీసుకున్నాను, గూట్లో పెట్టుకునే పాత టీవీ అంత బరువు, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మా ఆవిడ పెళ్లి చీరల బ్యాగు పైన పెట్టి దీన్ని ఒళ్లో పెట్టుకున్నందుకు చీరాల దాకా మాట్లాడలేదు. లెక్క తేలికే, 50 ఓమ్‌ల లోడు మీద తరంగం పై కొస నుంచి కింది కొసకు ఎన్ని వోల్టులో చూసి, దాన్ని అదే సంఖ్యతో హెచ్చించి, 400తో భాగిస్తే వాట్లు వస్తాయి. పది వాట్లయితే 63 వోల్టులు కనపడాలి. నాకు 45 కనపడింది. అంటే అయిదు వాట్లే. దొరికింది దొంగ అనుకున్నాను.

రేడియోలో చివరగా పవర్ పెంచే ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టర్లు రెండూ పీకి కొత్తవి వేశాను. బయాస్ సర్దేటప్పుడు చెయ్యి కాస్త ఎక్కువ తిరిగి ఒకటి మాడిపోయింది, ఇంకోటి వేశాను. మళ్లీ కొలిస్తే 45 వోల్టులే. కాయిల్ టంకాలు మళ్లీ పెట్టాను, పవర్ సప్లై మార్చాను, 45. ఇలా మూడు ఆదివారాలు. చివరికి సీఆర్వోనే కాలేజీకి తీసుకెళ్లి ల్యాబ్‌లో ఉన్న దానితో పోల్చి చూద్దామని పెడితే మా ల్యాబ్ అసిస్టెంటు ప్రోబు, అంటే సీఆర్వోకు తగిలించి కొలిచే తీగ, చేతిలోకి తీసుకుని, "సార్, ఇది వన్ ఎక్స్‌లో ఉంది కదా" అన్నాడు.

ప్రోబు మీద చిన్న స్విచ్ ఉంటుంది, 1ఎక్స్, 10ఎక్స్ అని. 10ఎక్స్‌లో అయితే పూర్తి బ్యాండ్‌విడ్త్ వస్తుంది, 1ఎక్స్‌లో పెడితే చాలా ప్రోబులు ఆరు మెగాహెర్ట్జ్ దగ్గరే చతికిలబడతాయి, నేనేమో 7 మెగాహెర్ట్జ్ కొలుస్తున్నాను. స్విచ్ జరిపి, సీఆర్వో ముందున్న చదరపు తరంగానికి ప్రోబు తగిలించి, మూలలు నిక్కచ్చిగా వచ్చేదాకా దాని ట్రిమ్మర్ స్క్రూ తిప్పి ఇంటికొచ్చి చూస్తే 62 వోల్టులు. రేడియో మొదటి రోజు నుంచీ బాగానే ఉంది. నేను మాడ్చిన ఐఆర్ఎఫ్510 కూడా బాగానే ఉండేది, నేను ముట్టుకోకముందు. ఇదే సీఆర్వోతో 28 మెగాహెర్ట్జ్‌లో కొలిస్తే ప్రోబు ఎలా పెట్టినా తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే 20 మెగాహెర్ట్జ్ సీఆర్వో అంటే ఆ 20 దగ్గరికే ఎత్తు ముప్పై శాతం తగ్గిపోతుందని అర్థం. అమ్మేవాడు చెప్పడు, మనమూ అడగం.

సరే, రేడియో కాదు. అప్పుడు నానోవీఎన్ఏ తెప్పించాను. జేబులో పట్టే పెట్టె, అప్పట్లో ఐదారు వేలలో వచ్చేది, యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీలో ఎలా ఉందో గ్రాఫు గీసి చూపిస్తుంది. మార్కెట్లో నకళ్లకు నకళ్లు ఉన్నాయి, కొన్నింటిలో లోపల రేకు షీల్డులు కూడా ఉండవు, అందుకే నాలుగంగుళాల తెర ఉన్నదాన్ని, షీల్డు ఉందని ఫోటో చూసి మరీ కొన్నాను. తెర విషయంలో పిసినారితనం చేయకండి, చిన్న తెర మీద మధ్యాహ్నం ఎండలో డాబా ఎక్కితే ఏమీ కనపడదు, నలభై దాటినవాళ్లకు నీడలోనూ కనపడదు.

వచ్చిన రోజు రాత్రే యాంటెన్నాకు తగిలించాను. గీత ఎక్కడా కిందికి దిగలేదు, అసలు 40 మీటర్ల దగ్గర యాంటెన్నానే లేనట్టు. టెన్షన్ పడి అడ్డదిడ్డంగా అన్నీ నొక్కాను. తెల్లారి తీరిగ్గా చూస్తే, అది 50 కిలోహెర్ట్జ్ నుంచి 900 మెగాహెర్ట్జ్ దాకా స్వీప్ చేస్తోంది, మొత్తం తీసుకునేది 101 బిందువులు. అంటే ఒక్కో అడుగు 9 మెగాహెర్ట్జ్. మన బ్యాండు 7.0 నుంచి 7.2, దాన్ని ఒకే అంగలో దాటేసి పోతోంది పాపం. 6 నుంచి 8 అని పెట్టాక అడుగు 20 కిలోహెర్ట్జ్‌కు వచ్చింది, గ్రాఫు గ్రాఫులా కనపడింది, కానీ ఎస్‌డబ్ల్యూఆర్ ఒక చోట ఒకటి కంటే తక్కువ. ఒకటి కంటే తక్కువ ఎస్‌డబ్ల్యూఆర్ అంటే యాంటెన్నా తనంతట తానే పవర్ పుట్టిస్తోందన్నమాట!

అది క్యాలిబ్రేషన్ గోల, అంటే కొలిచే ముందు తెలిసిన విలువలు చూపించి పెట్టెను సరిచేసుకోవడం. రేంజి మార్చిన ప్రతిసారీ మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, చేసే ముందు రీసెట్ నొక్కాలి, లేకపోతే పాత లెక్కల మీదే కొత్తవి ఎక్కించుకుంటుంది. ఓపెన్ (ఖాళీ), షార్ట్ (కలిపేసినది), లోడ్ (50 ఓమ్‌లు) మూడూ పెట్టి, అయ్యాక సేవ్ చేయాలి. నేను రీసెట్ చేయలేదు, పైగా క్యాలిబ్రేషన్ పెట్టె మూతి దగ్గర చేసి, ఆ తర్వాత మన కేబుల్ కొసనున్న పీఎల్-259 కనెక్టరుకు సరిపోయే కన్వర్టరు, మధ్యలో ఒక చిన్న వయరు తగిలించాను. క్యాలిబ్రేట్ ఎక్కడ చేస్తే కొలత అక్కడి నుంచి మొదలవుతుంది. ఆ కన్వర్టరు కూడా వదులు, వేలితో కదిపితే గీత ఎగిరి పడుతోంది. కోఠీ నుంచి తెచ్చిన ముప్పై రూపాయల కన్వర్టరు అది, దాన్ని పారేసి మంచిది వేశాక గీత నిలబడింది. అన్నట్టు, యాంటెన్నా కేబుల్ దీనికి తగిలించే ముందు మధ్య పిన్నును బయటి కవచానికి ఒకసారి తాకించండి, పొడి గాలికి పొడవాటి తీగలో చేరిన స్టాటిక్ ఒక్క దెబ్బకు పెట్టెను చంపేస్తుంది. దీనికి తగిలించి ఉండగా రేడియో పీటీటీ, అంటే మాట్లాడ్డానికి నొక్కే బటన్, నొక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంత చేశాక వచ్చిన ఫలితం ఏమిటంటే, 7.1 దగ్గర 1.2. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ చెప్పిందే. రేంజి పెంచి 6 నుంచి 9 దాకా చూస్తే ఎక్కడా 1.6 దాటలేదు. ఎంత వెడల్పు యాంటెన్నా కట్టానో అని మురిసిపోయి ఆ గ్రాఫు ఫోటో తీసి పెద్దాయనకు పంపించాను.

వెంటనే ఫోన్ వచ్చింది. "మామూలు తీగ డైపోల్‌కి 40 మీటర్లలో రెండు వందల యాభై, మూడు వందల కిలోహెర్ట్జ్ మించి బ్యాండ్‌విడ్త్ రాదు. నీకు మూడు మెగాహెర్ట్జ్ ఎక్కడిదయ్యా? పైకెళ్లి కేబుల్ కొస విప్పి, ఏమీ తగిలించకుండా చూడు."

మా అబ్బాయిని డాబా ఎక్కించాను. వాడు పైనుంచి, "నాన్నా, తీసేశాను" అన్నాడు. కింద 1.6 ఉంది.

"తీయలేదురా, సరిగ్గా చూడు."

"చేతిలో పట్టుకున్నాను నాన్నా."

నేనే ఎక్కి చూశాను. నిజంగానే కొస వాడి చేతిలో ఉంది. యాంటెన్నా అనేదే లేదు, అయినా కింద మీటర్ దాదాపు అంతా బాగుంది పొమ్మంటోంది.

పెద్దాయన విడమరిచి చెప్పింది ఇదీ. అవతలి కొస ఖాళీగా ఉంటే పంపినదంతా వెనక్కి రావాలి. రాలేదంటే దారిలో ఎవరో తినేశారు. ఎస్‌డబ్ల్యూఆర్ బదులు రిటర్న్ లాస్ చూడాలి, అంటే తిరిగొచ్చింది పంపినదానికంటే ఎన్ని డీబీలు (డెసిబెల్స్) తక్కువో, అందులో సగం కేబుల్ ఒక వైపు నష్టం, ఎందుకంటే సిగ్నల్ పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి నష్టపోతుంది. 30 మీటర్ల మంచి ఆర్‌జీ-58కి 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ రిటర్న్ లాస్ రెండుంబావు డీబీకి అటూ ఇటూ ఉండాలి. నాది 13. అంటే ఒక వైపే ఆరున్నర డీబీ. పది వాట్లు పంపితే పైకి చేరేది రెండు వాట్ల పైచిలుకు, మిగతాది కేబుల్ వేడెక్కడానికి. తిరిగొచ్చేది కూడా దారిలోనే ఆవిరైపోతుంది కాబట్టి కింద మీటర్ ఏమీ తిరిగి రాలేదు, అంతా యాంటెన్నా తాగేసింది అనుకుంటుంది. వానకు ఎస్‌డబ్ల్యూఆర్ బాగుపడిన రహస్యం అది. మరి నాకు అందరూ ఎలా వినిపించారు అంటే, 40 మీటర్లలో సిగ్నల్‌తో పాటు ఆకాశపు గోల కూడా అంతే తగ్గింది, చెవికి తేడా తెలియలేదు.

కేబుల్ కోసి చూశాను. పై కొసకు నేను మామూలు కరెంటు పనివాళ్ల పీవీసీ టేపు చుట్టాను, మా ఎండకు దాని జిగురు కరిగి తొక్క ఊడింది, వాన నీళ్లు కేబుల్ బయటి అల్లిక తీగలోకి దీపం వత్తి నూనె పీల్చినట్టు దిగాయి. రాగి మెరవాల్సిన చోట నల్లటి బొగ్గు, అదీ నాలుగు మీటర్ల కింద దాకా, పైగా సముద్రపు ఊరు, ఉప్పు గాలి. కొస దగ్గర నాలుగు పోగులు మాత్రం బతికున్నాయి.

కొత్త కేబుల్ వేసి, ఈసారి సాగదీసి చుట్టే రబ్బరు టేపు రెండు పొరలు వేసి, నీరు కిందికి జారేలా కేబుల్‌ను ఒక వంపు తిప్పి కట్టాను. కొస ఖాళీగా పెట్టి కొలిస్తే 2.3 డీబీ. తర్వాత యాంటెన్నా తగిలిస్తే అసలు రంగు బయటపడింది, గీత 6.85 దగ్గర దిగింది, 7.1 దగ్గర 1.9 ఉంది. మొదటి నుంచీ తీగ పొడుగే, నేను కొలిచి కట్టిన రోజే తప్పు కట్టాను. రెండు కొసల్లో 35 సెంటీమీటర్ల చొప్పున, కోయకుండా వెనక్కి మడిచి చుట్టాను. 7.1 దగ్గర 1.2 వచ్చింది, ఈసారి నిజం 1.2, అటూ ఇటూ జరిగితే గోడెక్కినట్టు పెరిగే 1.2. భోగి రోజు పొద్దున కాల్ వేస్తే రాజమండ్రి నుంచి ఒక ఓఎం, అంటే తోటి హ్యామ్, 5-8 ఇచ్చారు.

మొదటి నుంచీ ఉన్న సూది ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ ఇంకా బల్ల మీదే ఉంది, పని చేస్తున్నప్పుడు సూది కదలడం చూడ్డానికి బాగుంటుంది అంతే. తక్కువ పవర్‌లో దాని లోపలి డయోడు చిన్న వోల్టేజీకి సరిగా స్పందించదు, తిరిగొచ్చేది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, అంకెలు నమ్మను. నానోవీఎన్ఏ ఉండగా ఇంకో యాంటెన్నా ఎనలైజర్ అక్కర్లేదు. సీఆర్వో మాత్రం రేడియో లోపల చెయ్యి పెట్టేవాళ్లకే, మిగతావాళ్లు ఆ డబ్బు మంచి కేబుల్‌కు పెట్టండి. హార్మోనిక్స్, అంటే 7తో పాటు 14, 21 మెగాహెర్ట్జ్‌లలో కూడా బయటికి పోయే అనవసరపు సిగ్నళ్లు, చూద్దామని టైనీఎస్ఏ అనే చిన్న స్పెక్ట్రమ్ ఎనలైజర్ కూడా తెప్పించాను కానీ పది వాట్లు అంటే 40 డీబీఎం, దాని మూతి 10 డీబీఎం మించి తట్టుకోదు, మధ్యలో పెట్టి పవర్ తగ్గించే అటెన్యుయేటరు 2 వాట్లదని చూసుకోకుండా పెట్టి దాన్ని కాల్చాను. అదృష్టం, టైనీఎస్ఏ బతికింది. ఇరవై వాట్లు తట్టుకునే 40 డీబీ అటెన్యుయేటరు కోసం చూస్తున్నాను.

కింది కొస దగ్గర కేబుల్‌కు ఒక ట్యాగు కట్టి దాని మీద స్కెచ్ పెన్నుతో "కొస ఖాళీ, 7.1, 2.3 డీబీ, జనవరి" అని రాశాను. మొన్న జూన్‌లో తొలకరి పడ్డాక మళ్లీ అబ్బాయిని ఎక్కించి కొలిచాను, 2.4 వచ్చింది, అది కూడా రాశాను.