5.3 అనుకున్నది

ఇంజిన్ మీద నంబర్లు రెండు రకాలు. ఒకటి ఉబ్బెత్తుగా ఉంటుంది, ఇనుము కరిగించి పోసినప్పుడే అచ్చులోంచి వచ్చింది. రెండోది గుంటగా ఉంటుంది, తర్వాత గుద్దింది. ఈ తేడా ఏమిటో కడపలో ఉన్నప్పుడే పట్టించుకొని ఉంటే నాకు కువైట్‌లో ముప్పై దీనార్లు మిగిలేవి.

నేను పని నేర్చుకున్న షెడ్డు ఆల్మాస్‌పేటలో. మంగంపేట నుంచి బెరైటీస్ ఖనిజం తోలే లారీలే మాకు ఎక్కువ. ఆర్సీలో ఉండేది గుద్దిన నంబరే కాబట్టి మా మేస్త్రీకి దాంతోనే పని. కాగితం అదిమిపట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసేవాడు. ఆ నంబరే గోడకు ఆనించిన కడప బండ మీద సుద్దముక్కతో రాసి పెట్టుకునేవాడు. ఉబ్బెత్తు నంబరు వైపు ఆయన చూసింది లేదు. లారీకి పుట్టినప్పటి ఇంజినే ఉంటే దానితో ఏం పని?

కువైట్‌లోని షువైఖ్‌లో నేను చేరిన కరాజ్‌కు, అంటే గ్యారేజీకి, వచ్చేవన్నీ అమెరికా బండ్లు. ఇంజిన్ పోయిందంటే అమ్ఘరా సక్రాబ్‌కు, అంటే పాత సామాన్ల యార్డుకు, పోయి ఇంకో ‘మకీనా’ తెచ్చి వేయడమే. అక్కడ ఇంజిన్లు ఆయిల్ కారుతూ వరసగా పడి ఉంటాయి, పక్కన బండి ఉండదు. ఏ బండిదో అమ్మేవాడు చెప్పాలి, లేదంటే ఇనుము చెప్పాలి.

నా రెండో ఏడు. 2005 మోడల్ షెవర్లే తాహో, పెద్ద జీపులాంటి బండి, వచ్చింది, 5.3 లీటర్ల ఇంజిన్, రాడ్డు కొట్టుకుంటోంది. సక్రాబ్ నుంచి వచ్చిన ఇంజిన్‌ను చూసి ఓకే చెప్పమని నన్ను నిలబెట్టారు. వెనక, గేర్ బాక్స్ కలిసే అంచు దగ్గర వైర్ బ్రష్ పెట్టి రుద్దాను. మడ్డి ఊడింది. అచ్చు నంబరు పాత ఇంజిన్‌తో కలిసింది. పక్కనే 5.3 అని కూడా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. దాని ముందు గీత, ఆ గీతకు ముందు 4.8 కూడా ఉన్నాయి. కంటికి కనబడ్డాయి గానీ బుర్రకెక్కలేదు.

వారానికి బండి వెనక్కి వచ్చింది. యజమాని ఖైరాన్ వైపు పడవను లాక్కొని పోతుంటే లాగలేదట. ‘మకీనా తాబాన్’ అంటాడు, ఇంజిన్ అలసిపోయిందని. అలసట కాదు, అది 4.8. రెండిటికీ బ్లాక్, అంటే ఇంజిన్ ఇనుప ఒళ్లు, ఒకటే. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, ఒకటే, 96 మిల్లీమీటర్లు. పిస్టన్ నడిచే దూరమే వేరు, 4.8లో 83, 5.3లో 92. బయట నుంచి ఎంత రుద్దినా ఆ తొమ్మిది మిల్లీమీటర్లు కనబడవు.

మా కరాజ్‌లో పెద్ద మెకానిక్ రాజంపేటాయన. అన్న అని పిలుస్తాం. తిట్టలేదు. “ఇంటిపేరు కలిసిందని ఎవుర్నో పట్టుకొచ్చినావు కదరా అబ్బీ” అన్నాడు. ఎనిమిది ప్లగ్గులూ విప్పించాడు. మొదటి సిలిండర్ బెజ్జంలోకి సన్నటి చెక్కపుల్ల దింపి, క్రాంక్ పుల్లీ బోల్టుకు లివర్ వేసి నెమ్మదిగా తిప్పమన్నాడు. పిస్టన్ పైకొచ్చినప్పుడు పుల్ల మీద ఒక గీత, అడుగుకు పోయినప్పుడు ఇంకో గీత. బెజ్జం వాలుగా ఉంటుంది కాబట్టి కొలత నిఖార్సుగా రాదు. కానీ మా పాత ఇంజిన్ మీద పెట్టిన గీతల పక్కన పెడితే చిన్నపిల్లోడైనా చెప్తాడు. జీతంలో ముప్పై దీనార్లు కోశారు. అందులో నాకు కోపం లేదు. అదే ఇంజిన్‌ను అమ్మినవాడికి ఏమీ కాలేదు, అందుకే ఇప్పటికీ కడుపు మండుతుంది.

తర్వాత నంబర్ల పిచ్చి పట్టుకుంది. పాత షెవర్లే బండ్లను ప్రాణంగా చూసుకునే కువైటీలు మా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల చిన్న వీ8 బ్లాకుల మీద 3970010 అని ఉంటే ‘350 ఇంజిన్, ఒరిజినల్’ అని మురిసిపోతారు. 350 అంటే ఘనపు అంగుళాల్లో ఇంజిన్ సైజు. అదే నంబరు 302కూ ఉంది, 327కూ ఉంది. వెనక అంచు మీదే అచ్చు పోసిన తేదీ కూడా ఉంటుంది. అక్షరం నెల, ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. తర్వాత రోజు, ఆఖరున ఎక్కువగా ఏడాదిలో చివరి అంకె ఒక్కటే. ‘సీ 14 9’ అంటే మార్చి 14, సరే, 69దా 79దా? అది తెలియాలంటే ముందు వైపు, కుడి హెడ్డు కింద గుద్దిన నంబరు చదవాలి. వీ అంటే అమెరికాలోని ఫ్లింట్ ఫ్యాక్టరీలో, టీ అంటే టోనవాండా ఫ్యాక్టరీలో బిగించింది. బ్లాకు పైముఖం మిషన్‌కు పెట్టి ఉంటే ఆ గుద్దిన నంబరు కూడా పోతుంది. కొందరు కొత్తగా గుద్దేస్తారు కూడా. అక్షరాలు మరీ నీటుగా ఉంటే నాకు అనుమానం.

ఫోన్ కెమెరా దూరని సందుల్లో ఇప్పటికీ మేస్త్రీ పద్ధతే, కాగితం, పెన్సిల్. నాతో పనిచేసే ఈజిప్టు కుర్రాడు మొదట్లో నవ్వేవాడు, ఇప్పుడు వాడి జేబులోనూ పెన్సిల్ ఉంది.

మొన్న శుక్రవారం కడప నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్. సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ చూశాడట, ఇంజిన్ మార్చినారేమోనని అనుమానం, నంబరు ఫోటో పంపాడు. నంబరు సంగతి తర్వాత, ముందు ప్లగ్గు విప్పి పుల్ల దించు అన్నాను.

“డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గు యాడుందన్నా?” అన్నాడు.