రిక్సైమ్‌లో అచ్చుల కొలువు

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి ఫ్రాన్స్‌లోని ములూజ్‌కి రైల్లో అరగంట కూడా పట్టదు. అక్కడ దిగాక పక్క ఊరు రిక్సైమ్ వెళ్లే బస్సు కోసమే, ఆదివారం కావడంతో, చలిలో చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. స్టేషన్ దగ్గర ఎండిపోయిన శాండ్‌విచ్‌కి పెట్టిన డబ్బుతో బందరులో ఇంటిల్లిపాదీ భోంచేయొచ్చు. ఆ చిరాకుతోనే రిక్సైమ్‌లోని వాల్‌పేపర్, అంటే గోడలకి అంటించే బొమ్మల కాగితం, మ్యూజియంలో అడుగుపెట్టాను.

ఆ భవనం ఒకప్పుడు ట్యూటానిక్ నైట్స్ అనే క్రైస్తవ యోధులది. 1797లో వాల్‌పేపర్ ఫ్యాక్టరీ అందులోకి వచ్చింది, తర్వాత జాఁ జూబేర్ చేతికెళ్లింది. జూబేర్ కంపెనీ ఇప్పటికీ ఈ ఊళ్లోనే పాత చెక్క అచ్చులతో చేత్తోనే వాల్‌పేపర్ వేస్తోంది.

మ్యూజియంలో అచ్చు వేసి చూపిస్తున్న ఒకాయన దగ్గరే నా పొద్దంతా గడిచిపోయింది. ముందు కాగితం నిండా పెద్ద బ్రష్‌లతో ఒక రంగు పూసి ఆరబెడతారు. రంగంటే రంగుపొడి, సుద్ద, జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు. పెరుగంత చిక్కగా ఉంది. దాన్ని పెట్టెలో బిగించిన తోలు మీద పల్చగా పరిచి అచ్చును అద్దాడు. అచ్చు మూలల్లో చిన్న సూదులున్నాయి. ముందు వేసిన రంగుతోపాటు పడ్డ చుక్కల మీదే ఆ సూదుల్ని ఆనించి, పొడవాటి కర్రని దూలం కింద దూర్చి, దాని మీద ఒళ్లంతా వాలి నొక్కాడు. అచ్చు లేపుతుంటే తడి రంగు చప్పుడు చేస్తూ విడిపోయింది. ఒక రంగు ఆరితేగాని ఇంకోటి వేయరు. ప్రతి రంగుకీ వేరే అచ్చు. పాతరోజుల్లో తోలు మీద రంగు పరిచే పని చిన్నపిల్లలతో చేయించేవారట. అది విని మనసు చివుక్కుమంది.

మా బాబాయిది పెడన, అద్దకం పని. ఆయనకి సూదులూ లేవు, కర్రా లేదు. అంచుకి అంచు కంటితోనే కలుపుకుని, అచ్చు వీపు మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద పటిక అద్దితే, ఎర్రరంగు నీళ్లలో ఉడకబెట్టాకే ఎరుపు బయటపడుతుంది. ఇక్కడి రంగు కాగితం పైపైనే ఉంటుంది, తడి తగలనివ్వకూడదు.

ఈ రెండు పనులూ దగ్గరి చుట్టాలే. ములూజ్‌లో 1746లో మొదలైన అద్దకం ఫ్యాక్టరీలు మన దేశపు గుడ్డలకి, అందులో మన కోరమాండల్ తీరపు కలంకారీకి, నకళ్లు తీసేవి. ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా అలాంటి గుడ్డల్ని నిషేధించింది. ములూజ్ అప్పటికి ఫ్రాన్స్‌లో లేదు కాబట్టి ఇక్కడ ఆ పని సాగింది. ఆ ఫ్యాక్టరీలు పెట్టినవాళ్లలో ఒకరి కుటుంబమే 1790లో ఈ వాల్‌పేపర్ ఫ్యాక్టరీని మొదలుపెట్టింది. ఈ ముక్క మన బళ్లలో చెప్పాలి.

జూబేర్ 1807లో వేసిన ‘హిందుస్తాన్’ అనే వాల్‌పేపర్ దగ్గర ఇంకాసేపు ఆగిపోయాను. బ్రిటిష్ చిత్రకారులు డేనియల్స్ మన దేశం తిరిగి వేసిన బొమ్మల ఆధారంగా మోంజాఁ అనే చిత్రకారుడు దీన్ని గీశాడు. 20 పట్టీలు, 1,265 అచ్చులు, 85 రంగులు. ఎక్కడెక్కడివో భవనాలు తెచ్చి పక్కపక్కనే నిలబెట్టాడు, అది నాకు నచ్చలేదు. ఆకులు మాత్రం అద్భుతం. లేత పచ్చ, ముదురు పచ్చ ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా నిలిచాయి. అన్ని అచ్చుల్లో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా ఆ ఆకు పాడైపోయేది.

జూబేర్ వాళ్ల పాత అచ్చుల్ని ఫ్రాన్స్ ప్రభుత్వం చారిత్రక సంపదగా కాపాడుతోంది. మా ఇంట్లో అరిగిన అచ్చులు నీళ్లపొయ్యిలోకి పోయేవి, మిగిలినవి గోడకి తగిలించుకుంటామని ఎవరో ఒకరు కొనుక్కుపోయేవాళ్లు. తిరుగు రైలు ఎక్కగానే బాబాయికి ఫోన్ చేశాను. అటకమీద ఇంకా రెండు గోనెసంచులున్నాయన్నాడు. సంక్రాంతికి వచ్చి ఒక్కో అచ్చుకీ ఫొటో తీసి పేరు రాస్తాను, అందాకా ఎవరికీ ఇవ్వొద్దు బాబాయ్ అని మరీమరీ చెప్పాను.