నొప్పి తెలియని పుండు

దుబాయిలోని ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో నేను పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. మాది నిజామాబాద్ జిల్లా. మా వైపు నుంచి ఇక్కడికి వచ్చినవారిలో ఎక్కువమంది బిల్డింగుల పనికి, రోడ్ల పనికి వచ్చినవారే. వాళ్లు ఎండలో పనిచేస్తుంటే నేను ఏసీ గదిలో తెల్లకోటు వేసుకుని కూర్చుంటాను. అయినా వాళ్ల కాళ్ల మీది పుండ్లు దూదిపుల్లతో తుడిచి తీసిన స్వాబుల రూపంలో, చిన్న మాంసం ముక్కల రూపంలో ప్రతి వారం నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి.

ఆ నమూనాను, బాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి అగార్ ప్లేట్ల మీద (ఒకటి గొర్రె రక్తం కలిపినది, ఇంకొకటి మెకాంకీ అనే రకం) గీసి, 37 డిగ్రీల ఇంక్యుబేటరులో ఒక రాత్రి ఉంచితే, చాలాసార్లు పొద్దున ప్లేటు చేతిలోకి తీసుకోగానే సగం సంగతి తెలిసిపోతుంది. స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా లేత బంగారు రంగు చుక్కలుగా, ఒక్కొక్క చుక్క చుట్టూ రక్తం కరిగిపోయిన తేట వలయంతో కనిపిస్తుంది. ప్రోటియస్ చుక్కగా ఆగదు. చెరువులో రాయి పడ్డప్పుడు లేచే అలల మాదిరిగా ప్లేటంతా పాకి, పక్కనున్నవాటిని కప్పేస్తుంది. సూడోమోనాస్ ఎరుజినోసా ఉంటే ప్లేటు పచ్చబారుతుంది, మూత తీయగానే ద్రాక్షపళ్ల వాసన వస్తుంది. ఫ్రాన్సులో కార్ల్ జెస్సార్ 1882లో, గాయాల కట్టుగుడ్డలు నీలిపచ్చగా ఎందుకు మారుతున్నాయో వెతుకుతూ పట్టుకున్నది దీన్నే.

నేను చదువుకున్న పుస్తకాలు ఎక్కువగా యూరప్, అమెరికా అనుభవంతో రాసినవి. షుగర్ ఉన్నవారి కాలిపుండ్లలో ముందుగా చూడవలసినవి స్టఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ అని అవి చెప్పాయి. ఆ దేశాలకు అది నిజమే. భారతదేశం వంటి వేడి దేశాలలో మాత్రం సూడోమోనాస్, ప్రోటియస్, క్లెబ్సియెల్లా, ఈ.కోలై వంటి గ్రామ్ నెగటివ్ అనే మరో తరగతి బాక్టీరియా వాటితో సమానంగానో, వాటికంటే ఎక్కువగానో కనిపిస్తాయి. నా బల్ల మీద కూడా నేను చూసింది అదే. వేడి, తేమ, ఆలస్యంగా ఆసుపత్రికి రావడం, వచ్చేలోపే మెడికల్ షాపులో కొనుక్కుని మింగిన రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్, ఇవన్నీ అందుకు కారణాలుగా చెబుతారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది, అది మంచి నిబంధన. కాని మిగిలిన గంటలన్నీ పాదం తడిసిన సాక్సుతో సేఫ్టీ బూటు లోపలే ఉంటుంది.

సెలవు మీద ఇంటికి వెళ్లి, అక్కడ ఆసుపత్రిలో చేరి, తిరిగి వచ్చినవారి నమూనాలు నన్ను ఇంకా కలవరపెడతాయి. ఎన్‌డీఎం అనే, బలమైన యాంటీబయాటిక్స్‌ను కూడా విరిచేసే బాక్టీరియా ఎంజైమును 2008లో స్వీడన్‌లో గుర్తించారు. ఆ రోగి అంతకుముందు న్యూఢిల్లీలో చికిత్స పొందినందువల్ల దానికి ఆ నగరం పేరే పెట్టారు. అటువంటి బాక్టీరియా పెరిగిన రోజున రిపోర్టులో దాదాపు ప్రతి మందుకూ ఎదురుగా ‘ఆర్’ అక్షరమే, అంటే ఆ మందుకు లొంగదనే గుర్తే, పడుతుంది. ఆ కాగితం మీద సంతకం చేసేటప్పుడు నా చేయి బరువెక్కుతుంది.

మూడేళ్ల కిందట ఒకే మనిషి నమూనా రెండు నెలల్లో మూడుసార్లు వచ్చింది. మూడోసారి అతను రిపోర్టు కోసం కౌంటరు దగ్గరికి వచ్చి, నేను ఫోనులో తెలుగు మాట్లాడడం విని, అక్కడే నిలబడిపోయాడు. ఆర్మూరు వైపు మనిషి. బూటులో పడిన నట్టు మీద పొద్దంతా నడిచాడట. సాయంత్రం సాక్సుకు నెత్తురు అంటితే గాని తెలియలేదట. అప్పటిదాకా తనకు షుగర్ ఉందన్న సంగతీ, అది పాదాల స్పర్శను పోగొడుతుందన్న సంగతీ తెలియదు.

“అన్నా, ఈ పురుగు ఈడ అంటుకున్నదా, ఊరికాడనే అంటుకున్నదా?” అని అడిగాడు.

అది నీళ్లలో, మట్టిలో, మన చర్మం మీద, పేగుల్లో ఎక్కడైనా ఉండేదేనని, చర్మం తెగితే లోపలికి వస్తుందని చెప్పాను. అతనికి ఆ జవాబు నచ్చలేదు. “నొప్పే లేదు కదన్నా, పనికి పోతే ఏమైతది?” అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. మా జిల్లాలోని డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండు వైద్యురాలు కుష్ఠురోగుల కోసం స్థాపించిన ఆసుపత్రి ఉంది. కుష్ఠు వల్ల వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని మా ఊళ్లో పెద్దలు చెప్పగా విని పెరిగాను. అది నిజం కాదని, స్పర్శ పోయిన పాదానికి తెలియకుండా తగిలే దెబ్బలే పుండ్లై వేళ్లను తినేస్తాయని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు. మందుల కంటే ముందు పాదం మీది బరువు తప్పించాలని ఆయన ప్లాస్టరు కట్లు వేసేవారు. అదే పద్ధతి తరువాత షుగర్ పాదాలకూ వచ్చింది. నాతో పనిచేసిన ఘనా దేశస్థుడు తమవైపు పిల్లలకు వచ్చే బురులి పుండు గురించి చెప్పేవాడు. అక్కడ మైకోబాక్టీరియం అల్సరాన్స్ తానే మైకోలాక్టోన్ అనే విషాన్ని వదిలి నొప్పి తెలియకుండా చేస్తుంది, కాబట్టి తల్లులు ఆలస్యంగా తీసుకొస్తారని బాధపడేవాడు. షుగర్‌లోనైనా, కుష్ఠులోనైనా, బురులిలోనైనా మనిషిని ఆలస్యం చేయించేది ఆ నొప్పి లేకపోవడమే.

ఆలస్యమైన పుండులో బాక్టీరియా విడివిడిగా ఉండదు. చెరువు మెట్ల మీద పాచి పట్టినట్టు జిగురు పొర కట్టుకుని, అందులో గుంపుగా బతుకుతుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. అమెరికాలో 2008లో ప్రచురించిన ఒక పరిశీలనలో మానని 50 పుండ్లలో 30 పుండ్లకు ఈ పొర కనిపించింది, కొత్త గాయాలు పదహారింటిలో ఒక్కదానికే కనిపించింది. రక్తంలో వచ్చే మందు ఆ పొర లోపలివాటిని పూర్తిగా చంపలేదు. చెడిన కండను గీకి తీసేయాలి. పైపైన తుడిచిన స్వాబు కంటే, శుభ్రం చేసిన పుండు అడుగు నుంచి తీసిన చిన్న ముక్క పంపమని నేను నర్సులను అడిగేది కూడా అందుకే. స్వాబుకు అంటుకున్నది పుండును పాడుచేస్తున్నదే కావాలని లేదు.

అతని పుండును గీకారు, మందు మార్చారు, ప్లాస్టరు వేస్తామన్నారు. ప్లాస్టరుతో సైటు మీదికి రానివ్వరని అతను ఒప్పుకోలేదు. ఒక ఆదివారం సోనాపూర్‌లోని కార్మికుల క్యాంపుకు వెళ్లి, రూములో అతని మంచం మీద కూర్చుని గంటసేపు బతిమాలాను. “ఆరు వారాలు కూసుంటే ఇంటికి పైసలెవలు పంపుతరన్నా? బిడ్డ ఫీజు కట్టాలె,” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నాలుగోసారి వచ్చింది స్వాబు కాదు, కాలి వేలి ఎముక. దాన్ని నా చేత్తోనే ప్లేటు మీద వేశాను. మరునాడు ప్రోటియస్ అలలు, వాటి కింద సూడోమోనాస్ పచ్చదనం కనిపించాయి. రెండు వేళ్లు తీసేసిన తరువాత అతను ఇంటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నెలకోసారి ఫోను చేస్తాడు. కుష్ఠురోగుల పాదాల కోసం మన దేశంలో వాడుకలోకి వచ్చిన మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులే వేసుకుంటున్నాడు. మొదట్లో ఆ చెప్పులు చూసి ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారట. రాత్రి పడుకునే ముందు అతని కూతురు సెల్‌ఫోను లైటు వేసి పాదాల అడుగున చూస్తుంది. కొత్త ఎరుపు కనిపిస్తే ఫోటో తీసి నాకు పంపుతుంది, ఆ పొద్దు నేను ల్యాబుకు వెళ్లేముందు అదే చూస్తాను.