కార్తీకంలో మా ఊరి తద్దినాలు

అక్టోబర్ 31, 2025. శుక్రవారం.

ఇవాళ తాతయ్య తద్దినం. ఒక్క మా ఇంట్లోనే కాదు, మా వీధిలో చాలా ఇళ్ళలో ఇవాళే. పక్కింట్లో వాళ్ళ పెద్దమ్మది, ఎదురింట్లో ఇద్దరు పిల్లలది, చెరువు గట్టు మీది ఇంట్లో ఏకంగా ఐదుగురిది. దివిసీమలో, నాగాయలంక నుంచి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ, 1977 ఉప్పెన ముంచిన చాలా ఊళ్ళలో కార్తీక శుద్ధంలో ఈ రోజు ఇలాగే ఉంటుంది. ఇంటింటా పొయ్యి వెలుగుతుంది గానీ పండగ సందడి ఉండదు. పేటలో వాళ్ళు మాత్రం తేదీ ప్రకారం నవంబర్ 19న చర్చిలో ప్రార్థన పెట్టుకుంటారు.

పంతులుగారు ఒక్కరే. ఇన్ని ఇళ్ళకీ ఆయనే తిరగాలి కాబట్టి నిన్న రాత్రే వంతులు చెప్పి పంపారు. మా ఇంటికి పన్నెండు దాటాక వచ్చారు. అమ్మ అరిటాకులో స్వయంపాకం సర్ది పెట్టింది: బియ్యం, కందిపప్పు, అరటికాయలు, కంద ముక్క, చింతపండు, నెయ్యి, పెరుగు. కాకరకాయలు దొరకలేదు. మంగళవారం రాత్రి తుఫానుకి పాదులన్నీ పోయాయి, అవనిగడ్డ బజారుకి కూడా సరుకు సరిగ్గా రాలేదు. "ఉన్నదాంతోనే కానిద్దాం తల్లీ, ఆయన ఏమీ అనుకోరు" అన్నారు పంతులుగారు. ఆయన వాళ్ళ నాన్నగారూ ఆ రోజే పోయారు. మా అందరి ఇళ్ళలో కార్యం చేయించి, సాయంత్రానికి ఇంటికి వెళ్ళి తనది తను చేసుకుంటారు.

తాతయ్యని నేను చూడలేదు. అసలు నాన్నకే ఆయన మొహం సరిగ్గా గుర్తులేదు. అప్పటికి నాన్న మూడో తరగతి. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో కూడా నీళ్ళలోనే పోయింది. మాకు తాతయ్య అంటే నాన్నమ్మ చెప్పిన మాటలే.

1977 నవంబర్ 19, శనివారం. పొద్దుటి నుంచీ గాలి. తుఫాను వస్తుందని రేడియోలో చెప్పారట, కానీ ఊళ్ళో రేడియో ఉన్న ఇళ్ళు ఎన్ని? ఉన్నా, తుఫానులు ఈ సీమకి కొత్త కాదు, గాలి కొడుతుంది, వాన పడుతుంది, పోతుంది అనుకున్నారు. సముద్రమే లేచి ఊరి మీదికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. తాతయ్య గేదెల పలుపులు విప్పడానికి చావిట్లోకి వెళ్ళాడు. కట్టేసి ఉంటే నోరులేని జీవాలు చచ్చిపోతాయని. నాన్నమ్మ చంటిపిల్లని, మా మేనత్తని, చంకనేసుకుని నాన్న చెయ్యి పట్టుకుని ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాబా వైపు పరిగెత్తింది. సగం దూరంలో వెనక్కి తిరిగి చూస్తే చావిడి లేదు. గేదెలు లేవు. ఆయనా లేడు.

పది వేలకు పైనే జనం పోయారు ఆ ఉప్పెనలో. పద్నాలుగు వేలన్న లెక్క కూడా ఉంది. మా నాన్నమ్మ లెక్క వేరు. ఆవిడ వీధి ఈ చివర నుంచి మొదలుపెట్టి, ఇల్లు ఇల్లుగా పేర్లు చెప్పుకుంటూ ఆ చివరికి వెళ్ళేది. తద్దినం రోజు అన్నాలయ్యాక వసారాలో కూచుని చెప్పేది. చిన్నప్పుడు మాకు నిద్రొచ్చేది. ఆవిడ పోయాక ఇప్పుడు ఆ పేర్లు నాన్న చెబుతున్నారు. కొన్నిచోట్ల ఆగిపోతే ఎదురింటి మామ్మ అందిస్తుంది.

ఆ డాబా సంగతి రాయాలి. ఊళ్ళో పెద్ద ఆసామిది. మామూలు రోజుల్లో పేట మనుషులు ఆ ఇంటి అరుగు కూడా ఎక్కేవాళ్ళు కాదు, ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఆ సాయంత్రం ఆ ఇంటి ఇల్లాలు వీధి తలుపులు బార్లా తీసి, మెట్ల దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు చెయ్యి పట్టి పైకి లాగింది. రాత్రంతా అందరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కూచున్నారు. ఎవరి బిడ్డ ఎవరి ఒళ్ళో ఉందో తెలియదు. మా మేనత్త ఆ రాత్రి పాలు తాగింది పేటలోని ఒక తల్లి దగ్గర. నాన్నమ్మకి భయంతో పాలు రాలేదు. ఈ మాట నాన్నమ్మ ఎంతమంది ముందైనా చెప్పేది, గొంతు తగ్గించకుండా చెప్పేది. కొంతమంది చుట్టాలకి ఆ మాట నచ్చేది కాదు. ఆవిడ పట్టించుకోలేదు.

అందుకే మా ఇంట్లో తాతయ్య తద్దినానికి ఆ తల్లి ఇంటివాళ్ళు రాకుండా విస్తరి వెయ్యరు. ఆవిడ లేదు, ఆవిడ కొడుకు వస్తాడు. ఇవాళా వచ్చాడు, మనవడిని తీసుకుని. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. మా పొలం కౌలుకి చేసేదీ ఆయనే.

మొన్నటి తుఫాను పేరు మొంథా. అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. నేను సోమవారమే విజయవాడ నుంచి వచ్చేశాను, అమ్మానాన్నలు ఇద్దరే ఉంటే ఊరుకోలేక. ఉయ్యూరు, చల్లపల్లి, మోపిదేవి, దారంతా ఎక్కడ చూసినా మైకులే. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, గాలి ఎంత వేగం, ఎక్కడికి వచ్చింది, ఏ గంటకి ఏమవుతుంది. నెలలు నిండిన గర్భిణులని ముందే ఆసుపత్రులకి తరలించారు. గ్రామ సచివాలయంలో పనిచేసే పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, పాకల్లో ఉన్నవాళ్ళని బడికి పంపించారు. ముసలాళ్ళు రానంటే బతిమాలి మరీ తీసుకెళ్ళారు. చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. ఆనాడు ఇందులో ఒక వంతు ఉన్నా తాతయ్య బతికేవాడేమో.

1977 తరవాతే ఈ తీరమంతా తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మే నెలలో మచిలీపట్నం వైపు వచ్చిన తుఫాను కూడా మహా గట్టిదే, అయినా పోయినవాళ్ళు వెయ్యికి లోపే. 2014లో విశాఖని హుద్‌హుద్ అతలాకుతలం చేసినా ప్రాణాలు చాలావరకు దక్కాయి. మొన్న మొంథాకి మన రాష్ట్రంలో పోయినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పది వేల నుంచి ఇక్కడికి వచ్చాం. మన ప్రాంతంలో నేను గర్వంగా చెప్పుకోగలిగిన పనుల్లో ఇది మొదటిది. ఏ ఒక్క పార్టీదో, ఏ ఒక్క ముఖ్యమంత్రిదో కాదు. వాతావరణ శాఖవాళ్ళ దగ్గర నుంచి కరెంటు స్తంభం ఎక్కిన లైన్‌మన్ దాకా, నలభై ఏళ్ళకు పైగా ఒకరి తరవాత ఒకరు చేసుకుంటూ వచ్చిన పని.

నాన్న మాత్రం ఆ రాత్రి పడుకోలేదు. అటక మీద నుంచి నాన్నమ్మ మోకు దింపారు. పాతది, మొరటుగా, అరచేతిలో పీచు గుచ్చుకునే కొబ్బరి మోకు. ఉప్పెన తరవాత ఆవిడ కొనుక్కున్న మొదటి వస్తువు అదేనట. దాంతోపాటు అటుకులు, బెల్లం, అగ్గిపెట్టె ఒక గుడ్డలో మూటగట్టి ఎప్పుడూ అటక మీద ఉంచేది, ఏటా కొత్తవి మార్చేది. గాలి లేస్తే వీధి గేటుకి గొళ్ళెం పెట్టనిచ్చేది కాదు. ఎవరైనా పరిగెత్తుకొస్తే తియ్యడానికి ఆలస్యం అవుతుందని. మంగళవారం రాత్రి నాన్న గేటు తీసి, అది గాలికి కొట్టుకోకుండా తాడుతో వెనక్కి కట్టి, వసారాలో కుర్చీ వేసుకుని కూచున్నారు. ఎవరూ రాలేదు. రావలసిన అవసరం రాలేదు. తెల్లారి నాన్న మొహంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు.

టీవీలో నిన్నటికే తుఫాను వార్తలు పలచబడ్డాయి. ప్రాణనష్టం పెద్దగా లేదు కదా అని. కానీ పొలంలోకి వెళ్ళి చూస్తే నష్టం ఎక్కడుందో కనబడుతుంది.

పొద్దున వంట మొదలుకాక ముందే బాబాయితో కలిసి పొలానికి వెళ్ళాను. మాది బీపీటీ రకం వరి వేశారు. ఈనిక అయ్యి, కంకుల్లో పాలు పోసుకునే దశ. చాపచుట్టగా పడిపోయింది, అంతా ఒకే వైపుకి, నైరుతి దిక్కుకి. కింద జానెడు నీళ్ళు. బాబాయి వంగి ఒక కంకి లేపి, రెండు గింజలు వేళ్ళ మధ్య నొక్కి చూపించాడు. తెల్లటి పాలు రావాలి. నీళ్ళలా వచ్చింది. "ఇది తాలే అమ్మాయ్" అన్నాడు. ఆడకూలీలు నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కడుతున్నారు, కానీ నీళ్ళు దిగితే కదా నిలబడేది. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క, తూడు. నీళ్ళు పోయే దారి లేదు. ఆ కాలువ వేసవిలోనే బాగుచెయ్యాల్సింది. ఇది తీశాక మినుము వేద్దామనుకున్నాడు, ఈ బురదలో అదీ అదనుకి పడేట్టు లేదు.

మాది రెండెకరాలు. దాని పక్కన నాలుగెకరాలు మా పెద్దత్త కొడుకుది, బావది. బావ డాలస్‌లో ఉంటాడు. ఆ నాలుగూ కూడా బాబాయే చేస్తాడు. దున్నినదీ, ఎరువు అప్పు తెచ్చి వేసిందీ, మొన్న గాలిలో గట్టు మీద నిలబడి చూసిందీ ఆయనే. కౌలు బస్తాల లెక్కన, పంట పండినా పండకపోయినా ఇవ్వాల్సిందే. ఇప్పుడు పంట నష్టం రాసుకోవడానికి అధికారులు వస్తున్నారు. కౌలు కార్డు ఉంటే పరిహారం పండించినవాడికి వస్తుంది. అది లేకపోతే చాలావరకు పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో ఆ ఖాతాకే చేరుతుంది.

2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే భూయజమాని సంతకం ఉండాలి. ఒప్పందం పదకొండు నెలలకి. పంట మీద మాత్రమే హక్కు, భూమి మీద ఏమీ ఉండదు. కాగితం మీద స్పష్టంగానే రాసి ఉంది. అయినా చాలామంది సంతకం పెట్టరు, భూమి పోతుందేమో అన్న భయంతో. నాన్న మా రెండెకరాలకీ జూలైలోనే పెట్టేశారు. బావ పెట్టలేదు. చెడ్డవాడు కాదు బావ. నాన్నమ్మ పోయినప్పుడు కర్మకాండలకి ఆగమేఘాల మీద వచ్చాడు, ఊళ్ళో బడికి బెంచీలు చేయించాడు. ఎవరో ఏదో చెప్పి భయపెట్టారు, అంతే.

ఇలాంటి పొలాలు ఈ డెల్టాలో ఎన్నో ఉన్నాయి. యజమానులు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో. పొలంలో బాబాయి లాంటివాళ్ళు. ఆనాడు ఉప్పెన అందరినీ ఒకే బురదలో కూచోబెట్టింది. ఆసామి ధాన్యం గాదె పోయింది, పేటలో గుడిసె పోయింది, పొలాలన్నీ ఉప్పు పట్టి చౌడుబారాయి. సాయం చేసినవాళ్ళు కూడా కులగోత్రాలు అడగలేదు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు లాంటి సినిమావాళ్ళు జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. ఈ ప్రాంత నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు ఈ సీమని మళ్ళీ నిలబెట్టడానికి పడ్డ పాటు ఇప్పటికీ పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి శవాలకి దహనాలు చేశారు. ఇప్పుడు వచ్చే తుఫాను ప్రాణాలు వదిలేసి, ఒక్కడి నెత్తిన మాత్రం అప్పు పెట్టి వెళ్తోంది. ఆ ఒక్కడు ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ రోజు డాబా మెట్ల మీద చెయ్యి అందించిన పనే, ఇవాళ ఈ సంతకం. నాకైతే రెండింటికీ తేడా కనబడటం లేదు.

భోజనాలయ్యాక నాన్న పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. బాబాయి మనవడు చాలాసేపు విన్నాడు. ఐదో తరగతి. మధ్యలో అడిగాడు, "తాతా, మరి గేదెలు ఏమయ్యాయి?" అని. నాన్న ఒక్క క్షణం ఆగారు. "ఒకటి బతికింది రా. రెండు రోజుల తరవాత అవనిగడ్డ వైపు నుంచి నడుచుకుంటూ వచ్చింది. మా నాన్న పలుపు విప్పాడు కదా" అన్నారు. నాకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. నాన్నమ్మ ఎప్పుడూ చెప్పలేదు. తాతయ్య విప్పినవాటిలో ఒకటి బతికింది. ఆ గేదె పాలతోనే మేనత్త పెరిగిందట.

రాత్రి ఎనిమిదిన్నరకి, అక్కడ పొద్దున్నే కదా అని, బావకి ఫోన్ చేశాను. పడిపోయిన చేను వీడియో ముందే పంపాను. "ఇదంతా మన చేనేనా" అన్నాడు. అవునన్నాను. చట్టంలో ఏముందో చదివి వినిపించాను. ఈ సార్వా కౌలు వదిలేద్దామని, పరిహారం తన ఖాతాలో పడితే బాబాయికి పంపాలని అడిగాను. దానికి వెంటనే సరే అన్నాడు. కౌలు పత్రం మీద సంతకానికి మాత్రం, "అమ్మతో ఒకసారి మాట్లాడి చెప్తానే" అన్నాడు. పెద్దత్త గుడివాడలో ఉంది. ఆవిడా ఆ డాబా ఎక్కిన మనిషే. రేపు పొద్దున తొమ్మిదింటి బస్సుకి గుడివాడ వెళ్తున్నాను, నాన్న కూడా వస్తానన్నారు. పత్రం నమూనా రెండు కాపీలు తీయించి సంచిలో పెట్టాను.