ఇంటిపేరు మారితే సైటేషన్లు ఎటు పోతాయి

మొన్న ఆదివారం పొద్దున్నే అనంతపురంలో మా మేడం వాళ్లింటికి పోయినా. మేడం శెనక్కాయ జెనెటిక్స్‌లో పనిచేస్తారు, నా పీహెచ్‌డీ గైడు కూడా ఆమే. ప్రమోషన్ ఫారం నింపాల, అందులో పేపర్లెన్ని, సైటేషన్లెన్ని (అంటే ఆ పేపర్లను వేరేవాళ్లు తమ పేపర్లలో ఎన్నిసార్లు పేర్కొన్నారు), హెచ్-ఇండెక్స్ ఎంత అని మూడు గడులున్నాయి, "నువ్వు ల్యాప్‌టాప్ తీసుకొని రామ్మా, నేను పాత ఫైళ్లు తీసి పెడతా" అన్నారు. గంటలో అయిపోతుందనుకున్నా, సాయంత్రం ఆరు దాటింది.

చిక్కంతా పేరుతోనే. పెళ్లికి ముందు రాసిన పేపర్లలో పుట్టింటి ఇంటిపేరు, తర్వాతవాటిలో అత్తింటిది. అది చాలదన్నట్టు మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక, జర్నల్ వాళ్లేమో చివర ఏముంటే అదే ఇంటిపేరు అనుకుంటారు. కె. లక్ష్మి అని రాసుకున్నామె రెఫరెన్సుల్లో లక్ష్మి కె. అయిపోతుంది, ఇంక దేశంలో ఉండే లక్ష్మిలందరూ ఒకే కుప్పలో పడతారు. రెడ్డి అని ఉంటే చెప్పే పనే లేదు.

ఎవరి పేపర్లకు ఎన్ని సైటేషన్లో చూపించే గూగుల్ స్కాలర్‌లో మేడం హెచ్-ఇండెక్స్ 9 అని చూపిస్తా ఉంది. ఇది 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన పెట్టిన లెక్క. పేపర్లన్నీ సైటేషన్లు ఎక్కువున్నదాన్నుంచి కిందికి వరసగా పేర్చుకోవాల, తొమ్మిదో పేపరుకు కనీసం తొమ్మిది సైటేషన్లుండి పదోదానికి పది లేకపోతే హెచ్-ఇండెక్స్ 9. ఒక్క పేపరుకే వెయ్యి వచ్చినా ఈ లెక్కలో అది ఒకటే.

ఆ వరసలో రెండోది ఏదో షుగర్ మందు మీద ఎలకల్లో చేసిన పని. "ఇది నాది కాదు, తీసెయ్" అన్నారు. ఐదోదీ ఆమెది కాదు. రెండూ తీసేస్తే 9 కాస్తా 7 అయింది. నాకు నిజంగా చెయ్యి రాలేదు, ఫారం చూసేవాళ్లకు ఆ తేడా తెలిసే దారే లేదు, మేడం మాత్రం స్క్రీన్ వైపు కూడా చూడకుండా ఫైల్లో ఏదో వెతుకుతా ఉన్నారు.

వెతికింది పీహెచ్‌డీ నాటి రీప్రింట్లు, అంటే జర్నల్లో అచ్చయిన తన పేపర్ల కాపీలు. తిక్క ఆకుమచ్చ తెగులును తట్టుకునే గుణం శెనక్కాయలో ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎట్లా దిగుతుందని మూడేళ్లు క్రాసింగులు (ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్క పువ్వుకు పట్టించడం) చేసి రాసిన పేపరు అందులో ఉంది. శెనక్కాయలో క్రాసింగ్ అంటే మామూలు పని కాదు, సాయంత్రం మొగ్గ విప్పి చిమటాతో కేసరాలు తీసేయాల, మర్నాడు తెల్లారేసరికి వేరే మొక్క పుప్పొడి తెచ్చి పుయ్యాల, పట్టిందో లేదో తెలియాలంటే పువ్వు నుంచి ఊడ మట్టిలోకి దిగేదాకా ఆగాల. మేడం రాసినవాటిలో ఎక్కువ సైటేషన్లు దానికే, 112. పుట్టింటి ఇంటిపేరుతో ఉంది కాబట్టి ప్రొఫైల్లో లేనే లేదు. అట్లాంటివి మొత్తం ఐదు దొరికినాయి. చేర్చినాక హెచ్-ఇండెక్స్ 10.

ఆ మూడు గడుల్లో ఎప్పటికీ పడని పని కూడా ఉంటుంది. మా వైపు ఏ రైతునడిగినా కదిరి-6 అనే శెనక్కాయ రకం తెలుసు, దాంతో ప్రయోగాలు చేసేవాళ్లు పేపర్లో రకం పేరు రాసి వదిలేస్తారు, దాన్ని తయారుచేసినవాళ్ల పేపరు సైట్ చేసేది తక్కువ. జెనెటిక్స్‌కు పునాది వేసిన మెండెల్ 1866లో అచ్చేసిన బఠాణీల పేపరును 1900 దాకా దాదాపు ఎవరూ పట్టించుకోలేదు, ఆయన 1884లోనే పోయినాడు. అయినా వెతికినరోజు దాని మీద ఆయన పేరు చెక్కుచెదరకుండా ఉంది. మేడం పేపరును 112 సార్లు వాడుకున్నారు, అది ఎవరిదో మాత్రం కంప్యూటరుకు తెలియలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే. పెళ్లి చేసుకున్నందుకు ఆడమనిషి చేసిన పని రెండు ముక్కలు కావడమేంది?

జూనియర్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు చెప్తున్నా, మొదటి పేపరు పంపకముందే ఆర్కిడ్ (ORCID) ఐడీ తీసుకోండి, పేపర్లు రాసే ఒక్కొక్కరికి ఒక్కో నంబరిచ్చే పద్ధతి అది. 16 అంకెల నంబరు, డబ్బులేం కట్టక్కర్లేదు, 2012 నుంచి ఉంది. ఇంటిపేరు మారినా నంబరు మారదు. పేరు ఎట్లా రాయాలో కూడా అప్పుడే తేల్చుకొని ప్రతి పేపరులో అట్లే రాయండి.

మేడంకు కూడా ఆ రోజే తీసినాం. అందులో మీకున్న వేరే పేర్లు రాయమని ఒక గడి ఉంటుంది. ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకొని పుట్టింటి ఇంటిపేరు మేడమే టైప్ చేసినారు, ఒక అక్షరం తప్పు పడితే చెరిపి మళ్లీ కొట్టినారు. ఫారం మంగళవారం ఇచ్చొచ్చినాం, ఇంకా ఏ కబురూ లేదు.