సియెనా కేథరినమ్మ ఇంటికి

ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు రైల్లో గంటన్నర. స్టేషన్ కింద, ఊరు కొండ మీద. ఎస్కలేటర్లు ఉన్నాయి కాబట్టి అమ్మ మోకాళ్లకు ఇబ్బంది కాలేదు. "గుణదల మెట్ల కన్నా ఇదే నయం" అంది. ఫోంటెబ్రాండా వాలు దిగేటప్పుడే అసలు కష్టం.

ఆ వాలులోనే పునీత కేథరిన్ పుట్టిల్లు. తండ్రి ఉన్నికి రంగులద్దేవాడు. 1347లో పుట్టిన ఈ పిల్ల, పెళ్లి వద్దని జుట్టు కత్తిరించుకుంది. మఠంలోకి వెళ్లలేదు, దొమినికన్ మూడవ సభలో, అంటే సన్యాసం తీసుకోకుండా ఆ సభ నియమాలు పాటించేవాళ్లలో, చేరి ఇంట్లోనే ఉంది. వాళ్ల వంటగది ఇప్పుడు ప్రార్థనాలయం. ఆమె తలగడ అని చూపించే రాయి దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. నాకు మాత్రం ఆ రాయీ ఆ కటిక ఉపవాసాలూ నచ్చవు. ఒంటిని అంత హింసపెట్టడం భక్తి అంటే ఒప్పుకోలేను.

నేను వచ్చింది ఆమె ఉత్తరాల కోసం. ఎక్కువగా చెప్పి రాయించినవే, 380 దాకా మిగిలాయి. పదకొండవ గ్రెగరీని "నాన్నా" అని పిలుస్తూనే, భయపడకు, మగాడిలా ఉండు అని రాసింది. ఎవరికి? పోప్‌కి! అప్పట్లో పోపులు ఉండేది రోములో కాదు, ఇప్పటి ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో. 1376లో అక్కడికి వెళ్లి, రోముకు తిరిగి రమ్మని ఎదురుగానే చెప్పింది. మరుసటి జనవరిలో ఆయన రోముకు తిరిగొచ్చాడు. అంతా ఆమె వల్లేనని అనను, రాజకీయాలూ ఉన్నాయి.

సాన్ దొమెనికో గుడిలో జాలీ వెనక ఆమె తల ఉంది. దేహం రోములో. 33 ఏళ్లకే పోయింది. 1970లో ఆరవ పౌలు పోప్ అవిలా తెరేసానూ ఈమెనూ శ్రీసభ పండితులుగా (గొప్ప బోధకులైన పునీతులకు కాథలిక్ సభ ఇచ్చే బిరుదు) ప్రకటించేదాకా ఆ వరసలో ఆడవాళ్లే లేరు.

"మరి పూజలో ప్రసంగం ఈవిడ చెప్పొచ్చా?" అంది అమ్మ.

"కుదరదమ్మా. ఫాదరో, ఆయన కన్నా ఒక మెట్టు కింద ఉండే డీకనో అయి ఉండాలి."

"పండితురాలైనా?"

"అయినా."

ఫాదర్ రాని ఆదివారాల్లో మా వాడలో వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పేది అమ్మే. ఆ పని చేసేవాళ్లకిచ్చే ఉపదేశి అనే పేరు మాత్రం ఇంకొకరిది. 2013లో నంద్యాలలో పుష్పలలితగారు బిషప్ అయినప్పుడు, "అది సీఎస్సై, ప్రొటెస్టెంట్ సభ. కాథలిక్కులం మనకు వర్తించదు" అని పక్కింటాయన తేల్చేశాడు. అమ్మ అప్పుడేమీ అనలేదు.

రోము బస్సులో అడిగింది: "పోప్‌గారికి ఉత్తరం రాస్తే చేరుతుందా?"

"చేరుతుంది. చదువుతారో లేదో."

"నేను చెబుతా, నువ్వు రాయి. ముందు ఉపదేశి సంగతి పెట్టు."