నాలుగున్నర స్లాట్

ఆదివారం. రాత్రి పదకొండు దాటింది.

పొద్దున ఇడ్లీ పిండి పొంగలేదు. డిసెంబర్ చలికి రాత్రంతా పొయ్యి పక్కనే పెట్టినా లాభం లేకపోయింది. అదే పిండితో అట్లు పోశాను. వాడు రెండు తిని లేచాడు. మామూలుగా ఆరు తింటాడు. "టెన్షన్‌గా ఉందారా?" అంటే "ఏం లేదత్తా" అన్నాడు గానీ, వేళ్లు మాత్రం వంటింటి గట్టు మీద వాయిస్తూనే ఉన్నాయి.

వాడు మా అన్నయ్య కొడుకు. హన్మకొండలో ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగం వచ్చి, ఏడాదిన్నర కింద హైదరాబాద్ తార్నాకలో మా ఇంటికి వచ్చాడు. వాళ్ల బ్యాండులో నలుగురు. వీడు డ్రమ్స్. ఇవాళ గచ్చిబౌలి వైపు జరిగిన మ్యూజిక్ ఫెస్టివల్లో మొదటిసారి పెద్ద స్టేజి ఎక్కారు. నాలుగున్నర నుంచి ఐదు దాకా వాళ్ల టైము. పోస్టర్లో అన్ని పేర్ల కిందా చీమ తలకాయంత అక్షరాల్లో వాళ్ల పేరుంది. దాన్ని ఫోన్లో పెద్దది చేసి అమ్మకు చూపించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

పన్నెండింటికే బయల్దేరాం. తార్నాకలో మెట్రో ఎక్కి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి ఆటో. వాడు స్నేర్ అనే చిన్న డ్రమ్ము, పెద్ద డ్రమ్మును కాలితో కొట్టే పెడల్ పట్టుకున్నాడు. సింబల్స్, అంటే పుల్లలతో కొట్టే లోహపు పళ్లేలు, వాటి సంచి నా ఒళ్లో. ఇత్తడి తాంబాళాలు మోసినంత బరువు. డ్రమ్స్ వాయించేవాడు తన సెట్టంతా వెంట తీసుకెళ్తాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఫెస్టివల్లో పెద్ద సెట్ ఒకటే ఉంటుందట. అన్ని బ్యాండ్లూ దాని మీదే వాయిస్తాయి. స్నేర్, సింబల్స్, పెడల్ మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. ఆ సింబల్స్ కొనడానికి వాడు ఎనిమిది నెలల జీతంలోంచి కొంచెం కొంచెంగా దాచుకోవడం నాకు తెలుసు. అందుకే అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కినప్పుడు సంచిని రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని కూర్చున్నాను.

రెండింటికి సౌండ్ చెక్ అన్నారు, అంటే షోకు ముందు మైకులూ వాద్యాలూ సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో చూసుకోవడం. ఇది తిరకాసు వ్యవహారం. అందరికంటే చివర్లో వాయించే పెద్ద బ్యాండుకు ముందు చెక్ చేస్తారు. తర్వాత దాని ముందుది, దాని ముందుది. ఇలా తలకిందులుగా వస్తారు. అన్నిటికంటే ముందు వాయించేవాళ్లది ఆఖర్న చేస్తే, ఆ వైర్లూ మైకులూ ఉన్నవి ఉన్నట్టే ఉంచి షో మొదలుపెట్టొచ్చు. పద్ధతి మంచిదే. కానీ పైవాళ్లలో ఎవరికి ఆలస్యమైనా ఆ నిమిషాలన్నీ ఈ చిన్నవాళ్ల లెక్కలోంచే పోతాయి. పోయాయి కూడా. ఏదో వైరింగ్ సమస్యట, జనరేటర్ దగ్గర నలుగురు గుమిగూడారు. మూడైంది, నాలుగైంది. మా పిల్లలు స్టేజి వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో గిటార్లు ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చున్నారు. డిసెంబరే అయినా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటూనే ఉంది.

నాలుగు ముప్పావుకు ఒకబ్బాయి వచ్చి, "పదిహేను నిమిషాలే ఇవ్వగలం బ్రో" అన్నాడు. ఆ అబ్బాయి మొహం కూడా వాడిపోయి ఉంది, అతన్ని ఏమంటాం? రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు అవి. పదింటికి కచ్చితంగా ఆపాలి, చివరి బ్యాండుకు ఒప్పుకున్న టైము ఇవ్వాలి. ఇక కోసేది మొదటి నుంచే.

అరగంట కోసం ఐదు పాటలు సిద్ధం చేసుకున్నారు. నాలుగు సొంతవి. ఐదోది మెడ్లీ, అంటే కొన్ని సినిమా పాటలు ముక్కలుగా కలిపి అల్లింది, జనం వెళ్లిపోకుండా ఉండటానికి పెట్టుకున్నది. పదిహేను నిమిషాల్లో పట్టేది మూడే. అక్కడ జరిగిన మాటలు దూరంగా నిలబడి విన్నాను. బేస్ గిటార్ అబ్బాయి మెడ్లీ ఉంచుదామన్నాడు. అతను చెప్పిందాంట్లో తప్పేం లేదు. నెలకు రెండుసార్లు పబ్బుల్లో సినిమా పాటలు వాయిస్తేనే వీళ్లకు ప్రాక్టీస్ గది అద్దె వెళ్తుంది, గంటకు ఐదొందలు. జనం ఏ పాటకు కదులుతారో అతనికి తెలుసు. పాడే అబ్బాయిది మహబూబాబాద్ పక్క పల్లె. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి, "మెడ్లీ శుక్రవారం ఎట్లాగూ వాయిస్తం కద. ఇవాళ మనయి వాయిద్దాం" అన్నాడు. మావాడు స్టిక్స్ చేతిలోకి తీసుకున్నాడు. అంతే, తేలిపోయింది.

ఎదురుగా నలభై మంది ఉంటారేమో. సగం మంది తిండి స్టాళ్ల దగ్గర. మొదటి పాటలో గిటార్ వినిపించనే లేదు, మావాడి కిక్ డ్రమ్మేమో గుండెల మీద గుద్దినట్టు మోగింది. చెక్ చేసుకునే టైమే ఇవ్వకపోతే మొదటి పాటే సౌండ్ చెక్ అవుతుంది. సౌండ్ ఇంజనీరు రెండో పాట మధ్యకు వచ్చేసరికి సర్దేశాడు. అప్పుడు ఒక్కసారిగా గొంతు విడివడి వచ్చింది. ఆ అబ్బాయి మామూలుగా మాట్లాడితే పక్కనున్నవాళ్లకు కూడా వినపడదు. మైకు ముందు అది వేరే గొంతు.

రెండో పాట అయ్యాక వెనక నుంచి ఎవరో ఒక సినిమా పాట పేరు అరిచారు. పాడే అబ్బాయి ఆ వైపు చూసి నవ్వి, "ఇది హాస్టల్ పెట్టె పాట" అన్నాడు.

పాటంతా ట్రంకు పెట్టె గురించే. ఆరో తరగతిలో హాస్టల్లో చేర్చడానికి నాన్న కొనిచ్చిన పెట్టె, దాని మీద పెయింటర్ తెల్ల రంగుతో రాసిన పేరు, రోల్ నంబరు. అందులో అరిసెల వాసన పట్టిన రగ్గు. "తాళం చెవి మొలతాడుకు, మనసేమో బస్టాండుకు" అనేది పల్లవి. నేనూ హాస్టల్లో చదివాను. నాది ఆకుపచ్చ పెట్టె. పెయింటర్ నా ఇంటిపేరులో ఒక ఒత్తు వదిలేస్తే నాన్న మళ్లీ తీసుకెళ్లి రాయించుకొచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆ సంగతి నాకు గుర్తే లేదు. అక్కడ గడ్డిలో నిలబడితే గుర్తొచ్చింది. నా పక్కన గేటు దగ్గర టికెట్లు చూసే సెక్యూరిటీ ఆవిడ కూడా వచ్చి నిలబడింది. రెండో చరణం దాకా ఉండి, ఎవరో పిలిస్తే వెళ్లింది. వెళ్తూ వెనక్కి తిరిగి స్టేజి వైపు చూసింది. ఈ సంగతి మావాడికి చెప్పాలనుకుని, మెట్రోలో చెప్పాను.

ఈ పాట రెండు నెలల కింద ఒక స్ట్రీమింగ్ యాప్‌లో పెట్టారు. ఆరొందల చిల్లర మంది విన్నారు. ఏడాదిలో వెయ్యిసార్లు వినకపోతే పైసా రాదట, నిబంధన అది. పైసల సంగతి పక్కన పెడితే, నన్ను బాధపెట్టేది వేరే. తెలుగులో పాట అంటే సినిమా పాటే అన్నట్టు అయిపోయింది. మొదటి నుంచీ ఇలా లేదు. అమ్మ ఇప్పటికీ కూరలు తరుగుతూ రేడియో లలిత గీతాలు పాడుతుంది. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం లాంటివాళ్లు ఆకాశవాణి కోసం చేసిన పాటలు ఏ సినిమాలోవీ కావు. హీరో లేడు, కథ లేదు, పాట మాత్రమే ఉంది. అమ్మ తరం వాటిని విని నేర్చుకుంది. మా తరానికి వచ్చేసరికి ఆ అలవాటు పోయింది. మళ్లీ చౌరస్తా బ్యాండ్ వాళ్లు జానపదానికి జమైకా వాళ్ల రెగే సంగీతం కలిపి పాడినప్పుడు, అరే, ఇది మన భాషలో కుదురుతుందే అనిపించింది. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల గొంతు ఊరూరా తెలిసింది మాత్రం 2021లో 'జాతిరత్నాలు' సినిమా పాటతో. అతను సినిమాకు వెళ్లడం నాకు సంతోషమే. పాట జనం దాకా రావడానికి ఆ దారి ఒక్కటే మిగలడమే బాధ. మలయాళంలో అవియల్ బ్యాండు 2008లోనే వాళ్ల భాషలో పూర్తి రాక్ ఆల్బమ్ తెచ్చింది. మనకూ నాలుగున్నరకు వాయించే పిల్లలు ఉన్నారు. నాలుగున్నరకు వచ్చి వినేవాళ్లే కావాలి.

సాయంత్రం ఇంకో మూడు బ్యాండ్లు విన్నాం. ఇంగ్లీషులో పాడిన అమ్మాయి ఒకతి కీబోర్డు ముందు ఒంటరిగా కూర్చుని బాగా పాడింది. మిగతావి నాకు అంత పట్టలేదు. ఏడున్నరకు మైదానం నిండిపోయింది, నిలబడ్డానికి చోటు లేదు. చివరి బ్యాండు మొదలయ్యాక రెండు పాటలు విని వచ్చేశాం. వాడికి రేపు పొద్దున ఆరున్నరకే షిఫ్టు.

అమ్మ పడుకోకుండా కూర్చుని ఉంది. తలుపు తీయగానే, "ఎంతమంది వచ్చిండ్రు బిడ్డా?" అని అడిగింది.

"మొదటి పాటకు నలభై ఒక్కరు. పెట్టె పాటకు అరవై మూడు, బాపమ్మా."

డ్రమ్స్ వాయిస్తూ వాడు మనుషుల్ని లెక్కపెట్టాడని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ ఆ పాట పాడమంది. "నాకు గొంతు రాదు బాపమ్మా" అంటూనే, భోజనాల బల్ల మీద తాళం వేస్తూ పల్లవి నెమ్మదిగా అన్నాడు. అమ్మ రెండోసారికే అందుకుంది. కాకపోతే వాళ్ల పాట స్పీడులో కాదు, రేడియో పాటలా సాగదీసి పాడింది. వాడు తాళం ఆపి, "అత్తా, ఇది రికార్డ్ చెయ్యి" అన్నాడు. చేశాను. రెండు నిమిషాల పది సెకన్లు ఉంది.

సింబల్స్ మీద వేలిముద్రలు అలాగే వదిలేస్తే మచ్చలు పడతాయట. పాత నేత చీర ముక్క చింపి ఇచ్చాను. హాల్లో కింద కూర్చుని ఒక్కొక్కటే తుడుస్తున్నాడు.